నీళ్ళు చల్లిన సరుకు

ఆ ఆదివారం రామచంద్రయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బిజినేపల్లిలో ఏడున్నర బస్సెక్కి వనపర్తిలో కూతురింటికి పోవాలి. అల్లుడు తెచ్చిన పాటల డబ్బాలు చూడాలి. అవి మోసమని తేల్చాలి. అన్నం తిని నాలుగు గంటల బస్సుకు వెనక్కి రావాలి. డబ్బాలు మోసమన్న సంగతి అతనికి ముందే తెలుసు. చూడటం మర్యాద కోసం.

నలభై ఏళ్ళు అతను మార్కెట్ యార్డులో, రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పల్లికాయ నాణ్యం చూసే పని చేశాడు. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపేవాడు. ఎండిన కాయ గలగలమంటుంది. బరువు కోసం నీళ్ళు చల్లిన కాయ మూగగా ఉంటుంది. ఎంత తెలివిగా తడిపినా కుప్పలో ఎక్కడో ఒక్క కాయ తడవకుండా మిగిలిపోతుంది. చుట్టూ మూగకాయలు, నడుమ ఆ ఒక్కటి గల్లుమనడం, అదే సాక్ష్యం. అట్లా ఎన్ని బస్తాలు తిప్పి పంపాడో లెక్కలేదు. సొంత బావమరిది బస్తాలు కూడా తిప్పి పంపాడు. అప్పటినుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. తర్వాత యార్డుకు తేమ చూసే మిషను వచ్చింది. అతని చెవితో ఎవరికీ పనిలేకపోయింది. మరుసటేడు భార్య పెంటమ్మ పోయింది. ఆ తర్వాత లోకంలో వినదగిన మాట ఏదీ లేదని అతను తీర్మానించుకున్నాడు. చెవులు మందగించాయని కూతురు మానస అంటుంది. మనుషులు గొణగడం ఎక్కువైందని అతనంటాడు.

సంచిలో మూడు కిలోల ఎండు పల్లికాయ పెట్టుకున్నాడు, కూతురికి. దాని పక్కన బస్తాకు గుచ్చి సరుకు తీసే మూరెడు ఇనుప గొట్టం. పని పోయి ఆరేళ్ళయినా, సరుకు చూడటానికి అది లేకుండా గడప దాటలేదు.

మానస తలుపు తీసి, బస్సులో సీటు దొరికిందా అని అడిగింది. రెండోసారి అడిగితేగాని జవాబు రాలేదు.

"నోరు తెరిచి మాట్లాడరాదు బిడ్డా? లోపల్లోపల అంటే ఎవనికి వినపడతది?"

"వీధి చివరిదాక వినపడ్డది నాయినా. నీకే వినపడలే."

హాల్లో ఛాతీ ఎత్తున రెండు నల్లటి చెక్క డబ్బాలు నిలబడి ఉన్నాయి. వాటికోసం టీవీ స్టాండు మీదినుంచి టీవీ దిగి మూలకు పోయింది. సోఫా గోడను వదిలి గది నడుమకు వచ్చింది. వంటింట్లోకి పోవాలంటే మానస పక్కకు తిరిగి నడవాల్సి వస్తోంది. అల్లుడు హరీష్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. చేతిలో కొలతల టేపు ఉంది.

"కూసో మామా. నడుమల కూసోవాలె. జర ఎడమకు. ఇంక జర. ఆ... ఇప్పుడు వినుండ్రి." ఏదో పాట మొదలైంది. "ఏమనిపిస్తుంది?"

"డబ్బా పాడుతున్నది."

"గట్ల కాదు మామా. కండ్లు మూసుకో. పాడే ఆమె యాడ నిలబడ్డదో తెలుస్తలేదా? సరిగ్గ టీవీ స్టాండు మీద."

"ఆడమనిషి టీవీ స్టాండు మీద ఎందుకు నిలబడ్తదయ్యా?"

వంటింట్లోంచి మానస నవ్వు వినిపించింది. హరీష్ పాట ఆపాడు.

"ధరెంత?" అని అడిగాడు రామచంద్రయ్య.

"రెండు లక్షల అరవై వేలు. కొత్తవైతే ఏడు లక్షలు. ఇవి ఒకాయన వాడినయి."

"వాడినయని ఎవడు చెప్పిండు?"

"శ్రవణ్ కుమార్ అని, హైదరాబాదుల గివే అమ్ముతడు. పది దినాలు ఇంట్ల పెట్టుకొని వినుండ్రి, నచ్చితేనే పైసలు అన్నడు. ఈ రోజే ఆఖరు. రెండు గంటలకు వస్తడు."

"పైసలడగకుండ సరుకు ఇంటికి పంపెటోడు మంచోడు ఎట్లయితడు?"

ఈ ప్రశ్నకు ఫిజిక్సులో జవాబు లేదు. మానస పిండి చేతులతోనే వచ్చి, కిటికీలో ఉన్న చిన్న డబ్బాను చూపించింది. ఇదే వనపర్తిలో పద్దెనిమిది వందలకు కొన్నది. "దీనికి దానికి తేడా ఏందో నువ్వే చెప్పు నాయినా. నాకైతే రెండూ ఒక్కతీరు మొత్తుకుంటున్నయి."

హరీష్ ముఖం వెలిగింది. "ఇగో, మామనే అడుగుదాం. చీర అడ్డం కడత. ఎనక ఏ డబ్బా మోగుతున్నదో మామ చెప్పాలె. పదిసార్లు. తేడా వినపడ్డదా, డబ్బాలు ఉంచుకుంట. వినపడలేదా, వాపస్. మామ చెవి మీద నాకు నమ్మకం."

"సరే. వినపడకపోతే మాత్రం రేపు పొద్దుగాల చెవుల దవాఖానకు పోవాలె. మిషను పెట్టిస్త. మళ్ల కాదంటే ఊకోను నాయినా," అంది మానస.

రామచంద్రయ్య ఆలోచించాడు. తేడా చెబితే కూతురి ఇంట్లోంచి రెండు లక్షల అరవై వేలు పోతాయి. చెప్పలేకపోతే నలభై ఏళ్ళ చెవి పోతుంది. యార్డులో అతని స్థానంలో మిషను కూర్చుంది. ఇప్పుడు చెవిలోనూ మిషనే కూర్చుంటుంది. ఎటు చూసినా తనకే నష్టం వచ్చేట్టు ఇంత శుభ్రంగా బేరం కుదిరిందంటే మొగుడూ పెళ్ళాం రాత్రే మాట్లాడుకుని ఉంటారని అనుమానించాడు. మూడో దారి ఒక్కటే ఉంది. పరీక్షకు ముందే సరుకు దొంగదని పట్టుకోవాలి.

హరీష్ స్నానానికి పోయాడు. మానస వంటింట్లో రొట్టెలు కొడుతోంది. రామచంద్రయ్య డబ్బాల చుట్టూ తిరిగాడు. వేళ్ళతో కొట్టి చూశాడు. వెనక్కి పోయి వంగాడు. అక్కడ, పై అంచుకు జానెడు కింద, పిడికిలి దూరేంత గుండ్రటి బొక్క కనిపించింది. రెండో డబ్బాకూ అంతే. ముందువైపు అద్దంలా మెరిసే చెక్క, వెనకవైపు బొక్క. పైన మంచి కాయ పోసి అడుగున తాలు పోసే బస్తాలు ఎన్ని చూడలేదు?

గొట్టం తీసి బొక్కలోకి గుచ్చి, తిప్పి, లాగాడు. మొనకు చిక్కుకుని తెల్లగా ఏదో వచ్చింది. దూది. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ దూది. ఏడు లక్షల సరుకట, లోపలంతా దూది కుక్కారు. రామచంద్రయ్యకు ఆరేళ్ళ తర్వాత ఆకలి వేసింది. చెయ్యి దూర్చి, గొట్టంతో గెలికి, రెండు డబ్బాలూ ఖాళీ అయ్యేదాకా లాగాడు. మోకాలెత్తు కుప్ప అయింది.

పక్క పోర్షన్ చంద్రమ్మ పుల్లటి పెరుగు అడగడానికి వెనక తలుపులోంచి వచ్చింది. కుప్ప చూసి పెరుగు మరిచిపోయింది.

"అన్నా! గింత తెల్లటి దూది యాడ దొరికింది? కొంటే గిట్లాంటిది వస్తలేదు. వత్తులకు జర ఇయ్యరాదు?"

యార్డులో నమూనాకు గుప్పెడే తీస్తారు. సాక్ష్యానికి గుప్పెడు చాలు. "తీస్కపో చంద్రమ్మా. దొంగ సొమ్మే," అన్నాడు. ఆమె కొంగు నిండా నింపుకుని, మిగిలింది చంకలో ఇరికించుకుని పోయింది.

అప్పుడు అతను స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్ళాడు. అల్లుడి అమాయకత్వాన్ని అల్లుడి నోటితోనే చెప్పించాలని.

"అల్లుడా! డబ్బాల లోపల ఏముంటదో ఎన్నడన్న చూసినవా?"

"దూది ఉంటది మామా!" నీళ్ళ చప్పుడు మీదుగా హరీష్ అరిచాడు. "ఉత్త దూది కాదు, దానికోసం చేసిందే! లోపటి శబ్దం గోడలకు తగిలి లొల్లి చెయ్యకుండ అది పీల్చుకుంటది. అది లేకుంటే డబ్బా ఖాళీ డ్రమ్ము లెక్క మోగుతది. ఎందుకు మామా?"

రామచంద్రయ్యకు ఇంత స్పష్టంగా మాట వినపడి చాలా రోజులైంది. వినపడకపోయినా బాగుండేదనిపించింది.

చంద్రమ్మ పోర్షన్‌కు తాళం వేసి ఉంది. దీపం పెట్టడానికి గుడికి పోయిందని వాకిట్లో పిల్లలు చెప్పారు. వెనక్కి వచ్చి హాలు నడుమ నిలబడ్డాడు. శబ్దాన్ని పీల్చే వస్తువు ఒకటి కావాలి, వెంటనే కావాలి. చేతిలో గుప్పెడు నమూనా తప్ప ఇంకేమీ లేదు. సంచిలో పల్లికాయ ఉంది.

ఒక కాయ తీసి బొక్కలో వేసి చూశాడు. డబ్బాను కదిపితే గల్లుమంది. ఎండిన కాయ కదా, గల్లుమంటుంది. మూగకాయ ఎట్లా తయారవుతుందో ఈ జిల్లాలో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. పెరట్లో కుళాయి కింద చెంబు పెట్టాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నలభై ఏళ్ళు ఏ నీళ్ళకోసం మనుషుల్ని తిట్టాడో, బావమరిదిని వదులుకున్నాడో, అవే నీళ్ళు. తర్వాత ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని సంచి మీద గుమ్మరించాడు. చేత్తో కలిపాడు. సగం ఒక డబ్బాలో, సగం రెండోదాంట్లో పోశాడు. పైన గుప్పెడు దూది కప్పాడు, పైకి మంచిగా కనిపించడానికి.

"చేతులు తడిగున్నయేంది మామా?" అన్నాడు హరీష్ తల తుడుచుకుంటూ.

"కాళ్ళు కడుక్కున్న."

శ్రవణ్ కుమార్ రెండింటికి రావాల్సినవాడు పన్నెండున్నరకే వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, సన్నగా, ఎవర్నీ నమ్మని కళ్ళతో. పదో రోజు ఖాతాదారులు వంకలు చెబుతారని అతని అనుభవం. రాగానే నమస్కారమైనా పెట్టకుండా డబ్బాల మరలు చూశాడు, అంచుల్లో గీతలున్నాయేమోనని గోటితో తడిమాడు. రామచంద్రయ్యకు అతనిమీద మొదటిసారి గౌరవం కలిగింది, భయం కూడా.

"పరీక్ష నేనే పెడతాను సార్. మీరు మారిస్తే మీరు చెప్పిందే నిజమంటారు," అన్నాడు శ్రవణ్ కుమార్.

మానస చీర అడ్డం కట్టారు. శ్రవణ్ కుమార్ వెనక కూర్చున్నాడు. హరీష్ కాగితం పట్టుకున్నాడు. రామచంద్రయ్య సోఫా నడుమ, జర ఎడమకు. వీణ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

అతనికి రెండూ ఒక్కటే. వీణ ఇక్కడా వీణే, అక్కడా వీణే. మానస గుమ్మంలో చేతులు కట్టుకుని, రేపు ఏ ఆటో పిలవాలా అని ఆలోచిస్తున్నట్టు నిలబడింది. అంతలో వీణ కిందినుంచి మృదంగం లేచింది. దిమ్మని ఒక దెబ్బ పడింది.

గల్.

ఎడమ డబ్బాలో, అడుగున, తడవని కాయ ఒక్కటి. ఆ చప్పుడును అతను తన పేరు కంటే బాగా గుర్తుపట్టగలడు. గదిలో ఇంకెవరూ తల తిప్పలేదు.

"ఇది పెద్ద డబ్బా," అన్నాడు.

"కరెక్టే," అంది చీర వెనక గొంతు.

మళ్ళీ మృదంగం. గల్ లేదు. "ఇది చిన్నది." మళ్ళీ. "పెద్దది." శ్రవణ్ కుమార్ వరుసగా నాలుగుసార్లు ఒకే డబ్బా పెట్టి మోసగించాలని చూశాడు. కుదరలేదు. పదికి పది. హరీష్ కాగితం గాల్లో ఊపాడు. "చూసినవా మానసా! నేను చెప్పలే? పల్లికాయ చెవి!"

రామచంద్రయ్య ఆ మాటకు ఉలిక్కిపడి ఎడమ డబ్బా వైపు చూశాడు. తర్వాత కూతురి ముఖం చూశాడు. చెవి గెలిచింది. రెండు లక్షల అరవై వేలు పోయాయి.

కానీ శ్రవణ్ కుమార్ చీర వెనకనుంచి రాలేదు. మృదంగం ముక్కను ఒంటరిగా మూడుసార్లు విన్నాడు. బయటికి వచ్చి సోఫాలో కూర్చుని ఇంకోసారి విన్నాడు. ముఖం మారిపోయింది.

"ఏం చేశారు సార్ వీటికి?"

"ఏం చెయ్యలే. రోజూ నాలుగు గంటలు విన్న," అన్నాడు హరీష్.

"నేనిచ్చినప్పుడు కింది శబ్దం, ఆ బాస్, ఇట్లా లేదు. ఇంత నిండుగా, ఇంత గట్టిగా... పదేళ్ళుగా ఈ మోడల్ అమ్ముతున్నాను. ఎన్నడూ వినలేదు." గొంతు తగ్గించాడు. "కొన్ని జతలు ఉంటాయి సార్. ఏళ్ళ తరబడి పాడి పాడి ఒకరోజు గొంతు విప్పుతాయి. ఈ జతను ఆ ధరకు ఇయ్యలేను. మూడు లక్షల తొంభై వేలు."

"గదేంది? పది దినాల కింద ఒక మాట, ఇప్పుడొక మాటనా?"

"పది రోజుల కింద ఇది ఈ జత కాదు."

"మామా, విన్నవా? ధర పెంచనీకె నాటకమాడుతుండు! అసలు తేడా ఏమీ లేదు, నాకైతే మొన్నటి తీరే వినపడ్డది!"

"మీకు వినపడదు సార్. పెద్దాయనకు వినపడింది. అడగండి." శ్రవణ్ కుమార్ రామచంద్రయ్య వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. అంత ఖాయంగా ఎట్లా పోల్చారు? ఏం వినపడింది మీకు?"

సరిగ్గా అప్పుడే వెనక తలుపులోంచి చంద్రమ్మ వచ్చింది. చేతిలో ప్రమిద, ప్రమిదలో నల్లగా ముద్దకట్టిన వత్తి.

"అన్నా, గా దూది ఏం దూదన్నా? ముట్టిస్తే ఎలుగుతలేదు, కరుగుతున్నది! గుడి నిండ ప్లాస్టిక్కు కంపు. పూజారి నన్ను ఎల్లగొట్టిండు. యాడిది అది?"

శ్రవణ్ కుమార్ ప్రమిద వైపు చూశాడు. రామచంద్రయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందీ?"

"దూది అన్నా, దూది! పొద్దుగాల ఇస్తివి గద!"

"వినపడ్తలేదు చంద్రమ్మా."

"దూ... ది!" ఆమె ప్రమిదను అతని ముక్కు దాకా తెచ్చింది.

"చెవుల గాలి కొడుతున్నది. ఏం వినపడ్తలేదు. తర్వాత రా."

శ్రవణ్ కుమార్ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇప్పుడే పదికి పది చెప్పారు కదా పెద్దాయనా?"

మానస చూపు ప్రమిద మీదినుంచి తండ్రి తడిసిన చొక్కా చేతుల అంచుల మీదికి, అక్కడినుంచి మూలన ఖాళీగా పడి ఉన్న సంచి మీదికి వెళ్ళింది. సంచి అడుగు తడిగా ఉంది. ఆమె అతని కూతురు. సరుకు చూడటం ఆమెకూ వచ్చు.

"మా నాయినకు పాటలు వినపడతయి, మాటలు వినపడవు," అంది మానస నింపాదిగా. "మనుషులు మాట్లాడితే అస్సలు తెల్వదు. అందుకే రేపు చెవుల దవాఖానకు పోతున్నం. మిషను పెట్టిస్తున్నం. గంతే కద నాయినా?"

రామచంద్రయ్య కూతుర్ని చూశాడు. యార్డులో ఏ సేటూ అతన్ని ఇంత శుభ్రంగా మెడపట్టుకోలేదు. గొణుగుతోందనడానికి కూడా లేదు, ఒక్కొక్క అక్షరం విడిగా పలికింది.

"అవును," అన్నాడు. "పోతున్నం."

"చంద్రమ్మత్తా, నువ్వు రా, పెరుగిస్త," అంటూ ఆమెను భుజం పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. పోతూ పోతూ భర్తతో అంది. "మాట మార్చెటోనితోని బేరమేంది? తీస్కపొమ్మను."

హరీష్‌కు అప్పటికే పౌరుషం వచ్చి ఉంది. "తీస్కపొండ్రి! మాట మీద నిలబడనోని డబ్బా నా ఇంట్ల వద్దు!"

శ్రవణ్ కుమార్ రెండోసారి చెప్పించుకోలేదు. వీళ్ళు మనసు మార్చుకుంటారేమోనని భయపడి డ్రైవర్ను పిలిచాడు. మొదటి డబ్బా ఎత్తి ఆగాడు.

"బరువు పెరిగినట్టుందే?"

"మెట్లు దిగెటప్పుడు ఏదైనా బరువే," అన్నాడు రామచంద్రయ్య. "పండబెట్టకు. నిలబెట్టి తీస్కపో."

"పెద్దాయనకు సరుకు విలువ తెలుసు," అని శ్రవణ్ కుమార్ నమస్కారం పెట్టాడు. వచ్చినప్పుడు పెట్టనిది.

వ్యాను సందు తిరిగాక మానస అన్నం వడ్డించింది. పల్లీల చట్నీ లేదు. ఎందుకు లేదో ఎవరూ అడగలేదు.

"నీకు వినపడ్డది డబ్బా కాదు నాయినా," అంది చిన్నగా, హరీష్ చెయ్యి కడగడానికి లేచినప్పుడు. "ఏం వినపడ్డదో నాకు తెలుసు."

"వినపడ్డదా లేదా?"

"వినపడ్డది."

"మరి మిషనెందుకు?"

"దవాఖానల చీటి రాయించిన. తొమ్మిదిన్నరకు."

నాలుగు గంటల బస్సు అతను లేకుండానే బిజినేపల్లికి పోయింది. సోమవారం డాక్టరు రెండు చెవులూ చూసి ఎడమదానికి మిషను పెట్టాడు. గది అవతల పల్లికాయ గల్లుమంటే తనకు వినపడుతుందని రామచంద్రయ్య చెప్పాడు. డాక్టరు నమ్మలేదు. మిషను బుస్సుమంటోందనీ, దీంట్లో కూడా ఏదో కుక్కి ఉంటారనీ రామచంద్రయ్య అన్నాడు. మానస డాక్టరుకు డబ్బులు కట్టి రసీదు తీసుకుంది.

వారం తర్వాత హరీష్ ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"మామా, ఆ డబ్బాలు హైదరాబాదుల ఎవరో బిల్డరు నాలుగున్నర లక్షలకు కొన్నడంట. ఇన్నోళ్ళందరూ ఒకటే మాటంట, ఆ శబ్దంల ఏదో తడి ఉందంట. మనం ఇడిసిపెట్టినం మామా."

రామచంద్రయ్య మిషను సర్దుకుని ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆ ఏడు అంత ధర పలికిన పల్లికాయ ఏ యార్డులోనూ లేదు.